వేసవి కోడింగ్ క్యాంపు: ఎంచుకోవడం ఎలా, పంపడం ఎలా

ఏప్రిల్ వచ్చిందంటే దినపత్రిక మడతల్లోంచి కరపత్రాలు రాలడం మొదలవుతుంది. ఈత, అబాకస్, వేదగణితం, సంగీతం సరసన ఇప్పుడు కోడింగ్, రోబోటిక్స్, ఏఐ (కృత్రిమ మేధ) కూడా చేరాయి. పదిహేను రోజుల్లో మీ పాప యాప్ తయారుచేస్తుందని ఒకరు, పది రోజుల్లో మీ బాబు రోబో నడుపుతాడని ఇంకొకరు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఎవరో తమ పిల్లను చేర్పించామని రాస్తే చాలు, ఆ రాత్రి మిగతా ఇళ్లలో అదే చర్చ.

ఈ క్యాంపుల్లో నిజంగా మంచివి ఉన్నాయి. రంగు కాగితం తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. ఏది ఏదో పట్టుకోవడానికి మీకు ప్రోగ్రామింగ్ రానవసరం లేదు. చివరి రోజుకి పిల్లలు ఎవరి సాయమూ లేకుండా ఏం చేయగలుగుతారు అన్న ఒక్క ప్రశ్నను కరపత్రం ముందు, నిర్వాహకుల ముందు, డెమో క్లాసులో, క్యాంపు ముగిసిన సాయంత్రం కూడా వేస్తూ పోవాలి. కింద చెప్పిన పనులన్నీ ఆ ప్రశ్నకు జవాబు రాబట్టడానికే.

1. ఎందుకు పంపుతున్నారో ముందు తేల్చుకోండి

తెలుగు రాష్ట్రాల బడులకు సాధారణంగా ఏప్రిల్ చివరి వారంలో సెలవులు మొదలవుతాయి, మళ్లీ తెరిచేది జూన్ 12 ప్రాంతంలో. అంటే దాదాపు ఏడు వారాలు. సీబీఎస్‌ఈ బడుల తేదీలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. అమ్మమ్మగారి ఊరు, ఇంట్లో పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణం ముందుగా క్యాలెండరులో రాసుకుని, మిగిలిన రోజుల్లోనే క్యాంపు వెతకండి. రెండు వారాల క్యాంపులో మధ్యలో మూడు రోజులు ఎగ్గొడితే ఆ తరువాతి క్లాసు పిల్లలకు అర్థం కాదు. బంధువుల పెళ్లికి వెళ్లకుండా క్యాంపుకు పంపమని మాత్రం నేను చెప్పను.

ఇక అసలు కారణం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పిల్లలు ఇంట్లో ఒంటరిగా ఫోను పట్టుకుని కూర్చోకుండా భద్రంగా ఎక్కడో ఉండాలి అన్నది మీ కారణమైతే అందులో తప్పేమీ లేదు. అప్పుడు సిలబస్ కంటే గది, మరుగుదొడ్డి, తాగునీరు, పిల్లలను ఎవరికి అప్పగిస్తారు అన్నవి ముందు చూడండి. పిల్లలకే ఆసక్తి ఉంటే ఇంకా మంచిది. పక్కింటి పిల్లలు వెళ్తున్నారు కాబట్టి మనవాళ్లు వెనకబడిపోతారన్న భయం ఒక్కటే కారణమైతే కాస్త ఆగండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా కోడింగ్‌ను మాధ్యమిక దశలో, అంటే ఆరో తరగతి నుంచి ప్రస్తావించింది. ఎనిమిదేళ్లకు కోడింగ్ రాకపోతే కొంప మునుగుతుందన్నది అమ్మేవాళ్ల మాట.

పదో తరగతికి వెళ్లే పిల్లలకు చాలా కార్పొరేట్ బడులు మే నెలలోనే పాఠాలు మొదలుపెడతాయి. వాళ్ల నెత్తిన ఇది కూడా పెట్టకండి.

2. ఫీజు కట్టే ముందు ఇంట్లో పరీక్షించండి

అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో స్క్రాచ్ అనే ఉచిత సాధనాన్ని విడుదల చేసింది. రంగురంగుల దిమ్మెలను ఒకదాని కింద ఒకటి అతికిస్తే తెరమీద బొమ్మ కదులుతుంది. ఎనిమిది నుంచి పదహారేళ్ల పిల్లలను దృష్టిలో పెట్టుకుని చేసింది. మన దగ్గర వేలకు వేలు తీసుకునే చాలా క్యాంపుల్లో చిన్నపిల్లలకు నేర్పేది కూడా ఇదే. కంప్యూటర్‌లో ఒకసారి దించుకుంటే ఇంటర్నెట్ లేకుండా కూడా పనిచేస్తుంది.

ఒక శని, ఆదివారాలు దీనికి ఇవ్వండి. పైనుంచి మామిడిపళ్లు రాలుతుంటే కింద బుట్టతో పట్టుకునే ఆట చేయమనండి. పండునూ బుట్టనూ అందులోనే గీసుకోవచ్చు. పండు కిందికి జారాలి, బుట్ట కీబోర్డు బాణాలతో కదలాలి, పండు బుట్టను తాకితే ఒక పాయింటు పెరగాలి. అంతే. మీరు పక్కన కూర్చోండి కానీ చెప్పకండి.

చూడాల్సింది ఆట ఎంత బాగా వచ్చిందన్నది కానే కాదు. పండు కింద పడకుండా పైనే నిలిచిపోయినప్పుడు పిల్ల ఏం చేస్తుందో చూడండి. దిమ్మెలు మార్చి మార్చి చూస్తుందా, కాసేపు విసుక్కుని మళ్లీ వస్తుందా, లేక అయిదు నిమిషాల్లో యూట్యూబ్‌కి వెళ్లిపోతుందా? మొదటి రెండు రకాల పిల్లలకు క్యాంపు ఉపయోగపడుతుంది. మూడో రకం పిల్లలకు ఈ ఏడాది ఈతే మేలు కావచ్చు. హైదరాబాద్ నగరపాలక సంస్థ ఏటా నామమాత్రపు రుసుముతో వేసవి క్రీడా శిబిరాలు నడుపుతుంది, పబ్లిక్ గార్డెన్స్‌లోని జవహర్ బాలభవన్‌లో కళల క్లాసులు ఉంటాయి. అవీ వేసవి క్యాంపులే.

3. వయసుకు తగ్గది ఏదో తెలుసుకోండి

అయిదు నుంచి ఏడేళ్ల పిల్లలకు స్క్రాచ్ జూనియర్ ఉంది. ట్యాబ్‌లో నడుస్తుంది, చదవడం సరిగా రాకపోయినా బొమ్మల గుర్తులతో పని జరుగుతుంది. ఇదీ ఉచితమే, ఇంట్లో మీరే చూపించవచ్చు. ఈ వయసుకు డబ్బు కట్టి కోడింగ్ క్యాంపుకు పంపడం అనవసరమని నా అభిప్రాయం.

ఎనిమిది నుంచి పదకొండేళ్ల వరకు స్క్రాచ్ సరిపోతుంది. దాన్ని తక్కువగా చూడకండి. షరతులు (ఇలా అయితే అలా చేయి అనడం), పునరావృతం (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించడం), చలరాశులు (పాయింట్లలా మారుతూ ఉండే విలువలు) అన్నీ అందులో వస్తాయి. పదేళ్లు దాటాక మైక్రోబిట్ అనే చిన్న బోర్డు బాగుంటుంది. బీబీసీ దీన్ని 2016లో బ్రిటన్ బడిపిల్లలకు ఉచితంగా పంచింది. అరచేతిలో పట్టే ఆ బోర్డు మీద 25 చిన్న ఎర్ర దీపాలు, రెండు బటన్లు, కదలికను పసిగట్టే సెన్సరు ఉంటాయి. బోర్డు కొనకుండానే కంప్యూటర్ తెరమీద దాని నకలుతో సాధన చేసే వీలు కూడా ఉంది.

దిమ్మెలు కాకుండా అక్షరాలు టైపు చేసి రాసే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషకు పన్నెండేళ్లు మంచి వయసు. టైపింగ్ రావాలి. కోలన్ మరిచిపోయినా, వరుస ముందు ఖాళీ తప్పినా ప్రోగ్రాం మొరాయిస్తుంది కాబట్టి కాస్త ఓపిక కావాలి. కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కునే పిల్లలకు క్యాంపులో సగం సమయం ఆ వెతుకులాటలోనే పోతుంది. సెలవులకు ముందు నెల రోజుల పాటు రోజూ పది నిమిషాలు టైపింగ్ చేయించండి. పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం క్యాంపు మొదటి రోజే కనిపిస్తుంది.

ఆర్డుయినో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో రోబోటిక్స్ నేర్పే క్యాంపులకు కూడా పన్నెండు, పదమూడేళ్లు ఉంటే మేలు. టింకర్‌క్యాడ్ అనే ఉచిత వెబ్‌సైట్‌లో వైర్లు, దీపాలు, ఆర్డుయినో అన్నీ తెరమీదే కలిపి చూడవచ్చు. అక్కడ ఆసక్తి పుడితే అప్పుడు అసలు వైర్ల దగ్గరికి పంపండి. ఒక మాట: మీ పిల్లల బడిలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందేమో ముందు అడగండి. నీతి ఆయోగ్ పథకం కింద 2016 నుంచి దేశంలో వేల బడుల్లో, ప్రభుత్వ బడులతో సహా, ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు ఈ ప్రయోగశాలలు పెట్టారు. త్రీడీ ప్రింటరుతో సహా పరికరాలన్నీ ఉండి, వాటికి తాళం వేసి ఉన్న బడులు ఎన్నో. సెలవుల్లో వారానికి రెండు పూటలు తెరవమని నలుగురు తల్లిదండ్రులు కలిసి ప్రధానోపాధ్యాయులను అడిగితే పోయేదేమీ లేదు.

ఇక ఏఐ క్యాంపులు. తొమ్మిదేళ్ల పిల్లలకు ఏఐ అని రాసి ఉంటే, ఏ సాధనంతో అని అడగండి. గూగుల్ వారి టీచబుల్ మెషీన్ లాంటిదైతే సరే. కెమెరాకు ఆకులో, పళ్లో చూపించి కంప్యూటర్‌కు గుర్తుపట్టడం నేర్పుతారు, అది ఎక్కడ పొరబడుతుందో పిల్లలే కనిపెడతారు. చాట్‌బాట్‌తో కబుర్లే క్యాంపు అయితే డబ్బు దండగ. పైగా చాట్‌జీపీటీ నిబంధనల ప్రకారమే పదమూడేళ్లలోపు పిల్లలు దాన్ని వాడకూడదు, పద్దెనిమిది లోపు వారికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఎవరి ఖాతాతో వాడిస్తారని అడిగి చూడండి, సమాధానంలో తడబాటు ఉందో లేదో తెలిసిపోతుంది.

4. నిర్వాహకులను అడగాల్సినవి

ఫోనులో అడగకండి, సెంటరుకు వెళ్లి అడగండి. కూకట్‌పల్లి అయినా విజయవాడ బెంజ్ సర్కిల్ అయినా సెంటరు మెట్లు ఎక్కుతూనే సగం తెలుస్తుంది.

ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు? పది లోపైతే బాగు, పన్నెండు వరకు సర్దుకోవచ్చు. పాతికమంది ఉంటే అది సినిమా చూడటమే. ఒక్కొక్కరికీ ఒక కంప్యూటరా, ఇద్దరికి ఒకటా? ఇద్దరికి ఒకటంటే చురుకైన పిల్ల మౌసు పట్టుకుంటుంది, మెతక పిల్ల పక్కన కూర్చుని చూస్తుంది. గంటకోసారి మారుస్తామంటే ఫర్వాలేదు, ఆ మాట వాళ్ల నోటి నుంచే రావాలి. రోబో కిట్ ఎవరిది? క్యాంపులో వాడి తిరిగి తీసుకుంటారా, ఇంటికి ఇస్తారా, ఇస్తే దాని ధర ఫీజులో కలిసి ఉందా? సోల్డరింగ్ (వేడి కడ్డీతో వైర్లు అతకడం) ఉంటే కళ్లద్దాలు ఇస్తారా, పక్కన పెద్దవాళ్లు ఉంటారా?

నేర్పేది ఎవరు అన్నది అన్నిటికన్నా ముఖ్యం. కరపత్రం మీద ఐఐటీలో చదివిన వ్యవస్థాపకుడి ఫొటో ఉంటుంది, క్లాసులోకి వచ్చేది ఇంజనీరింగ్ మూడో ఏడాది విద్యార్థి. అందులో లోపం ఏమీ లేదు, చిన్నపిల్లలకు ఓపికగా చెప్పే కుర్రవాళ్లు, అమ్మాయిలు చాలామంది ఉన్నారు. అయితే రోజూ వచ్చేది ఎవరో ఆ మనిషిని మీరు చూడాలి, రెండు మాటలు మాట్లాడాలి. అర్థం కానప్పుడు తెలుగులో చెప్తారా అని అడగండి. ఇంగ్లిష్ మీడియం పిల్లలు కూడా కొత్త విషయం దగ్గర ఇంటి భాషలో ఒక్క వాక్యం వింటే తేలిగ్గా అందుకుంటారు.

నిరుడు పిల్లలు చేసిన పని చూపించమని కోరండి. సర్టిఫికెట్లు, బహుమతుల ఫొటోలు ముందుకు వస్తాయి. అవి పక్కన పెట్టించి ప్రాజెక్టులు తెరిపించండి. ఇరవై మంది పిల్లలు చేసిన ఇరవై ఆటలూ రంగులతో సహా ఒక్కలాగే ఉంటే అక్కడ చూసి రాయడమే జరిగింది. కొన్ని వంకరటింకరగా, కొన్ని సగంలో, ఒకటి మరీ విచిత్రంగా ఉంటే అక్కడ పిల్లలు ఆలోచించారు.

సమయం, ప్రయాణం కూడా చూడండి. మే నెలలో పదకొండున్నర లోపు ఇంటికి చేరే బ్యాచ్ మేలు. మధ్యాహ్నం రెండింటికి ఆటోలో పంపితే వడదెబ్బ తప్ప ఏమీ రాదు. కరెంటు పోతే ఇన్వర్టరు ఉందా, అది కంప్యూటర్లకు కూడానా లేక ఫ్యాన్లకేనా అన్నది చిన్న ఊళ్లలో తప్పక అడగాలి.

5. డెమో క్లాసులో వెనక కూర్చోండి

తల్లిదండ్రులను బయట కూర్చోబెట్టి టీ ఇస్తామంటే మర్యాదగా లోపలే ఉంటామనండి. మీ కళ్లు టీచరు చేతి మీద ఉండాలి. పిల్లాడు ఎక్కడో ఆగిపోయినప్పుడు ఆ టీచరు మౌసు తీసుకుని తానే సరిచేసి వెళ్లిపోతే అది సైకిలు నేర్పుతానని తానే తొక్కుకుంటూ పోవడం. మంచి టీచరు చేతులు వెనక్కి పెట్టుకుని, ఇది జరిగాక ఏం జరగాలనుకున్నావు, ఇప్పుడు ఏం జరుగుతోంది అని అడుగుతారు. ఈ ఒక్క తేడా చూడటానికే డెమోకు వెళ్లాలి.

అమ్మాయిలు ఎందరున్నారో, వాళ్లను ఎక్కడ కూర్చోబెట్టారో కూడా గమనించండి. రోబో చుట్టూ అబ్బాయిలు మూగి, అమ్మాయిల చేత చార్టు మీద పేర్లు రాయించే సెంటర్లు ఇంకా ఉన్నాయి.

డెమో కాగానే మిమ్మల్ని వేరే గదిలోకి పిలుస్తారు. మీ బాబుది అసాధారణమైన బుర్ర అంటారు. అందరి పిల్లల బుర్రా అసాధారణమే ఆ గదిలో. ఈ రోజే చేరితే సగం ఫీజు, రెండే సీట్లు మిగిలాయి అన్న మాటలు వినగానే లేచి వచ్చేయండి. కోచింగ్ ప్రకటనల్లో ఇలాంటి దొంగ తొందర పెట్టకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 నవంబరులో మార్గదర్శకాలే ఇచ్చింది. అంతకుముందు 2020లో ఒక ఆన్‌లైన్ కోడింగ్ సంస్థ ప్రకటనల్లో కొన్నింటిని ప్రకటనల ప్రమాణాల మండలి తీయించింది కూడా.

6. డబ్బు కట్టేటప్పుడు

మొత్తం ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. అందులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉందా, తరువాత కలుపుతారా? కిట్, టీషర్టు, చివరి రోజు ప్రదర్శన రుసుము వేరేనా? మొదటి రెండు రోజుల్లో పిల్లలకు నచ్చకపోతే ఎంత తిరిగి ఇస్తారు, ఎన్ని రోజుల్లో? నోటిమాటగా తప్పకుండా ఇస్తామండీ అన్నది లెక్కలోకి రాదు. రసీదు తీసుకోండి.

రెండు వారాల క్యాంపుకు ఎవరైనా ఈఎంఐ అన్నారంటే వాళ్లు అమ్మేది రెండు వారాల క్యాంపు కాదు, ఏడాది కోర్సు. ఆ ఈఎంఐ చాలాసార్లు మీ పేరున ఏదో ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న అప్పు, పిల్లలు మానేసినా వాయిదాలు మానవు. ఉచితమని మొదలుపెట్టి ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోసుకునే ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. ఓటీపీ చెప్పే ముందు అది దేనికో చదవండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు.

7. ఖాతాలు, పేర్లు, ఫొటోలు

పిల్లల ఖాతాలు క్యాంపు వారి చేత తెరిపించకండి, ముందు రోజు ఇంట్లో మీరే తెరవండి. స్క్రాచ్‌లో చిన్నపిల్లలకు తల్లిదండ్రుల ఈమెయిల్ అడుగుతుంది, మీదే ఇవ్వండి. వాడే పేరులో అసలు పేరు, బడి, ఊరు, పుట్టిన సంవత్సరం ఉండకూడదు. పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి, లేదంటే రెండో రోజు సగం క్లాసు మరిచిపోయిన పాస్‌వర్డులతోనే గడుస్తుంది.

పిల్లల ఫొటోలు, వీడియోలు ప్రచారానికి వాడుకుంటామని దరఖాస్తు చివర చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇష్టం లేకపోతే ఆ వాక్యం కొట్టేసి సంతకం పెట్టండి. 2023లో చేసిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కావాలంటోంది, కాబట్టి ఆ మాట మీరు అడిగితే ఎవరూ వింతగా చూడాల్సిన పని లేదు.

8. క్యాంపు జరుగుతున్నప్పుడు

ఇంటికి రాగానే ఈ రోజు ఏం నేర్చుకున్నావు అని అడిగితే ఏమీ లేదు అన్న జవాబే వస్తుంది. ముందు మంచినీళ్లో మజ్జిగో ఇచ్చి, సాయంత్రం ఎప్పుడో చేసినది చూపించమనండి. ఇది ఇలా ఎందుకు కదులుతోంది అని నిజంగా తెలియనివాళ్లలా అడగండి. చాలామందికి నటించాల్సిన అవసరం కూడా ఉండదు. తాతయ్యకు చూపించమంటే ఇంకా మంచిది. ఆయన అడిగే ప్రశ్నలు ఏ టీచరూ అడగరు.

క్యాంపులో రెండు మూడు గంటలు తెర ముందు కూర్చుని వచ్చారు కాబట్టి ఆ రోజుకు టీవీ, ఫోను తగ్గించండి. కోడింగ్ కోసమే అని ట్యాబ్ అడిగితే ఏం చేయబోతున్నారో ముందు ఒక కాగితం మీద గీసి చూపించాకే ఇవ్వండి. ఎండ తగ్గాక బయట ఆడుకోవాలి, ఇందులో బేరం లేదు.

మూడో రోజో నాలుగో రోజో వెళ్లనని మారాం చేయడం మామూలే. కారణం అడగండి. అర్థం కావడం లేదంటే టీచరుతో మాట్లాడితే సర్దుకుంటుంది. తెలిసిందే మళ్లీ చెప్తున్నారంటే పై బ్యాచ్‌కు మార్చమనండి. ఎవరో ఏడిపిస్తున్నారన్నా, తిడుతున్నారన్నా ఆ రోజే వెళ్లి చూడండి. ఫీజు పోతుందని ఏడుస్తున్న పిల్లను నెట్టి పంపకండి.

9. చివరి రోజు, ఆ తరువాత

ప్రదర్శన రోజు హాలు నిండా బెలూన్లు, మెడలో పతకాలు, వేదిక మీద సర్టిఫికెట్లు. చప్పట్లు కొట్టండి, ఫొటో తీసుకోండి. ఆ సందడి తగ్గాక పిల్లల ప్రాజెక్టు దగ్గర కూర్చుని చిన్న మార్పు ఒకటి కోరండి. అది మామిడిపళ్ల ఆట లాంటిదైతే, బుట్ట ఇంకా వేగంగా కదలాలి, లేదా కుళ్లిన పండు పట్టుకుంటే ఒక పాయింటు తగ్గాలి. సొంతంగా చేసిన పిల్ల ఎక్కడ మార్చాలో వెంటనే వెతుకుతుంది, పది నిమిషాలు పట్టినా సరే. చూసి అతికించిన పిల్ల టీచరు వైపు చూస్తుంది. అలా చూస్తే పిల్లను ఏమీ అనకండి, వచ్చే ఏడాది ఆ సెంటరుకు వెళ్లకండి.

ఇంటికి వచ్చే ముందు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకోండి. స్క్రాచ్ ప్రాజెక్టును కంప్యూటర్‌లోకి దించుకుంటే ఎస్‌బీ3 అన్న తోకతో ఫైలు వస్తుంది, అది ఏ ఇంట్లోనైనా తెరుచుకుంటుంది. క్యాంపు వారి సొంత వెబ్‌సైట్‌లో మాత్రమే తెరుచుకునేలా ఉంచితే, చందా గడువు తీరాక పిల్లల పని కూడా కనిపించదు. ఈ విషయం మొదట్లోనే అడిగి ఉంచుకుంటే మరీ మంచిది.

తరువాతి స్థాయి కోర్సు కోసం వారం తిరక్కుండానే ఫోను వస్తుంది. జూన్ చివరి వరకు ఏమీ చెప్పకండి. బడులు తెరిచాక, ఎవరూ గుర్తు చేయకుండా పిల్లలు ఏదో ఒక ఆదివారం ఆ ఫైలు మళ్లీ తెరిచారంటే అప్పుడు ఆలోచించండి, అప్పుడైనా ముందు ఉచితంగా దొరికేవాటితోనే. తెరవకపోతే లెక్క అక్కడితో సరి. కిట్‌లోని బ్యాటరీ తీసేసి, పాడవకుండా పెట్టెలో సర్ది, తెలిసిన ప్రభుత్వ బడి సైన్సు టీచరుకు ఇచ్చేయండి.